పై బల్ల మీద ఏమెలి

సైమమ్మ నడిపే, కట్టెలతో కాచే ఆవిరిస్నానాల గదిలోకి, తలుపులు మూశాక మా పేటలో ఎవరూ అడుగుపెట్టరు. ఆఖరి వేడి మనుషులది కాదు, ఆ గదిని కాచుకునే భూతానిది... అది పాత ఆచారం. దానికి తోడు, రోజూ వచ్చి పై బల్ల మీద కూర్చునే ముసలాయన ఏమెలి చనిపోయినప్పటి నుంచీ, మూశాక కూడా లోపల కాలిన రాళ్ళ మీద నీళ్ళు పడ్డ చప్పుడు— సుయ్య్... విన్నవాళ్ళు ఒకళ్ళిద్దరు కాదు.

ఇక కౌకో సంగతి. సరుకుల వ్యాను తోలతాడు, నోరు తెరిస్తే కోతలు కోస్తాడు. ఆవిరిలో తనను మించి కూర్చునే మగాడు టాంపెరె ఊళ్ళోనే లేడట. సిగ్గుండాలి! ఏమెలి బతికున్నన్నాళ్ళూ వేడి ఎక్కువుండే ఆ పై బల్ల మీంచి ముందు లేచి బయటికొచ్చింది వీడే.

"ముసలాడు పోబట్టి నీ పరువు దక్కిందిరా," అన్నాడు స్నేహితుడు ఉర్హో, బీరు తాగుతూ.

కౌకోకి ఒళ్ళు మండింది. "అయితే వాడి దెయ్యంతోనే కూర్చుంటా. అది లేచాకే నేను లేస్తా. ఓడిపోతే జన్మలో ఆ గది గడప తొక్కను!"

ఎండాకాలం, మా ఊళ్ళో రాత్రయినా పొద్దు గుంకదు. మూసే వేళకి కూడా వీధిలో ఎండ కాస్తోంది. ఉర్హో గేటు దగ్గర నిలబడ్డాడు. కౌకో కట్టెలు మోసే వెనక తలుపులోంచి దూరాడు. దొంగతనంగా దూరినవాడు దొంగలా ఉండొద్దూ? అబ్బే! బట్టలన్నీ విప్పి కొక్కేనికి తగిలించి, ఒళ్ళు కడుక్కుని మరీ లోపలికెళ్ళాడు. మురికి ఒంటితో ఆవిరిలో కూర్చుంటే తప్పు కదా, పెద్దమనిషికి!

లోపల చీకటి. తడుముకుంటూ పై బల్ల ఎక్కాడు.

సుయ్య్...

"ఏమెలీ..." గుసగుసగా అన్నాడు. "ఇవాళ తేల్చుకుందాం."

చీకట్లో ఎవరో రొప్పుతున్నారు— బరువుగా, ఆగి ఆగి.

మళ్ళీ సుయ్య్... చెవులు కాలిపోతున్నాయి. అయినా లేవడే! ప్రాణం పోయినా సరే, ఉర్హో ముందు చులకన కాకూడదు. అంత వెధవ పౌరుషం.

రొప్పు దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది.

"కాళ్ళెత్తు."

అంతే! కెవ్వున అరిచి దూకాడు. ఒంటి మీద నూలుపోగు లేకుండా గేటు దాటి ఎండలో పడ్డాడు. "నువ్వే గెలిచావు ఏమెలీ! నువ్వే!" ట్రామ్ కోసం నిలబడ్డ ఆడవాళ్ళు మొహం తిప్పుకున్నారు. తర్వాత మళ్ళీ ఇటు తిప్పారు.

వెనకే సైమమ్మ వచ్చింది. కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో నేల తోమే బ్రష్షు.

"బల్బు మాడిపోయింది, చీకట్లో ఎవడో తాగుబోతు ఉండిపోయాడు, పోతాడులే అనుకున్నా. నువ్వా?" అంది. "బల్లలు కడుగుతుంటే కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నావేం? రోజూ కాసిన్ని పడేవి, ఇవాళ నీళ్ళన్నీ రాళ్ళ మీదే పడుతున్నాయి."

"మూశాక కడగడమేంటి?" అన్నాడు ఉర్హో. "నువ్వు కడిగేది పొద్దున కదా?"

"ఏమెలి ఉన్నప్పుడు పొద్దున కడిగేదాన్ని. రాత్రి ఆయన్ని లేపి ఇంటికి పంపేసరికే ఆలస్యమయ్యేది."

"లేపడమా?" కౌకో చేతులు అడ్డం పెట్టుకుని అడిగాడు.

"మరి? పై బల్ల ఎక్కిన కాసేపటికే గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు," అంది సైమమ్మ. "పక్కన ఎవరున్నారో కూడా ఆయనకి తెలిసేది కాదురా."