పావురం కళ్లకు పాల్ చెప్పిన అర్థం

"వరుడంటే క్రీస్తు. వధువంటే సంఘం, అంటే విశ్వాసులమైన మనమే," అన్నాడు పాల్.

వనపర్తి చర్చిలో ఆదివారం యూత్ మీటింగు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పాల్, బైబిల్‌లోని ప్రేమగీతాన్ని వివరిస్తున్నాడు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న సువార్తకు ఒళ్లు మండుతోంది. ఆమె పాస్టర్ అబ్రహాంగారి కూతురు. సాయంత్రం నాగర్‌కర్నూల్ నుంచి ఆమెను చూడడానికి పెళ్లివారు వస్తున్నారు. ఆ సంగతి పాల్‌కు తెలుసు. పాటల ప్రాక్టీసు అయ్యాక రోజూ గేటు దగ్గర నిలబడి లోకంలోని కబుర్లన్నీ చెప్పే మనిషి, చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పడు.

"పావురం లాంటి కండ్లంటే?" అడిగింది సువార్త.

"పరిశుద్ధాత్మ, సిస్టర్."

"ద్రాక్షతోట?"

"మన సేవ."

"వాన వెలిసింది, బయటికి రమ్మని పిలుస్తడు గద. మరి అది?"

"అది... పునరుత్థానం."

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. మల్లెపూలు చేతిలో పెట్టినా వాటికీ అర్థం చెప్పి తిరిగి ఇచ్చేసేలా ఉన్నాడు, అనుకుంది సువార్త.

"ఆ పాటల ఒక్క పిల్ల, ఒక్క పిలగాడు గూడ లేరా బ్రదర్? ఆమె ఊరంతా తిరిగి ఎదుక్కుంటది గద. ఎవరూ లేకుంటే ఎవర్ని ఎదికినట్టు?"

పాల్ చేతిలో మైకు గుర్రుమంది. వెనక కుర్చీలో అబ్రహాం గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నరు," అన్నాడు పాల్ మెల్లగా. "ముందు వాళ్లిద్దరే ఉన్నరు. ఒక మనిషి కోసం ప్రాణం కొట్టుకున్నోళ్లకే దేవుని ప్రేమ ఎట్లుంటదో తెలుస్తది. అందుకే పెద్దలు ఆ పాటను దేవునికి పాడుకున్నరు. ఆ మొదటి అర్థం చెప్పకుండ నేనే దాటేసిన. భయమైంది."

అబ్రహాం వైపు తిరిగాడు.

"అయ్యగారూ, నాగర్‌కర్నూల్ వాళ్లను జర రావద్దనుండ్రి. ఇష్టమైతే సువార్తను నేను చేసుకుంట."

ముందుగా నవ్వింది సువార్త తల్లి బాలమణి.

"నవ్వుతవేంది?" అన్నాడు అబ్రహాం.

"పెండ్లికి ముందు మీరు గూడ నాకు ఏడాది పొడుగునా వరుడు, సంఘం అనే చెప్తిరి. ఆఖరికి పెండ్లి మాట ఎత్తింది మా నాయనే."

హాలు ఘొల్లుమంది. అబ్రహాం మీసాల చాటున నవ్వుకుంటూ జేబులోంచి ఫోను తీసి, కూతురి వైపు చూశాడు.

"ఇందాక అన్నిటికీ అర్థాలు అడిగితివి. ఇప్పుడు పలుకవేంది బిడ్డా?"

సువార్త తల మీద చున్నీ కళ్లదాకా లాక్కుంది.

"ఇది నాకు అర్థమైంది డాడీ. ఫోన్ చెయ్యి."