మోకాలి మీద టేపు గీతలు

"ఆ కాలికి ఏదైనా అయితే ఏం చేస్తావే? పుండు పడితే? కాలే తీసేయాల్సి వస్తే?"

వాక్సింగ్ గదిలోకి వెళ్ళబోతున్న మా అమ్మాయిని తలుపు దగ్గరే ఆపి అడిగాను. లోపల కూర్చున్నది ఒక డ్రిల్లు మాస్టారు. మోకాలి నొప్పికి టేపు అంటించుకుంటాడట. ఊడదీసినప్పుడల్లా వెంట్రుకలు పీక్కొచ్చి ప్రాణం పోతోందని, ముందే తీయించుకుందామని వచ్చాడు.

"అమ్మా, నేను తీసేది వెంట్రుకలు. కాలు కాదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పార్లర్‌లోనే తువ్వాళ్ళు ఉతికి మడతపెట్టే పని నాది. చేతులు తువ్వాళ్ళ మీద, చెవులు గది మీద పెట్టి కూర్చున్నాను. పని అయ్యాక అది చిలక్కి చెప్పినట్టు చెబుతోంది.

"రెండు రోజులు టేపు వద్దు. బిగుతు ప్యాంటు వద్దు. వేడినీళ్ళు, చెమట పట్టే ఆటలు వద్దు. మూడో రోజు నుంచి తడిగుడ్డతో మెల్లగా గుండ్రంగా రుద్ది, క్రీము రాయండి. లేదంటే కొత్త వెంట్రుకకి బయటికి దారి దొరక్క చర్మం లోపలే ముడుచుకుంటుంది."

"ఇంతకీ మాస్టర్ని నేనా, మీరా?"

"ఎవరైతేనేం, చెవులున్నవాళ్ళు వింటే చాలు."

అతను నవ్వాడు. ఇది కూడా నవ్వి, తల తిప్పుకుంది. తల్లిని కదా, ఆ తల తిప్పుకోవడం నా కంటపడింది.

పన్నెండో రోజు అతను వానలో తడుస్తూ వచ్చాడు. నేను భయపడ్డంతా అయింది.

"ఏం వాక్సింగ్ అండీ ఇది? చూడండి ఈ మోకాలు! నిప్పులు పోసినట్టుంది!"

"నేను చెప్పినవన్నీ చేశారా?"

"అక్షరం పొల్లుపోకుండా చేశాను!"

ఫిర్యాదుల పుస్తకం లాక్కుని 'చేతకాని పని' అని పెద్దక్షరాలతో రాశాడు. పార్లర్ ఓనరమ్మ అది చదివింది. మా అమ్మాయి చేత ఏప్రన్ విప్పించింది.

"ఇక నువ్వు ఆ గది గడప తొక్కకు. రేపటి నుంచి చీపురు పట్టుకో."

మూడేళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని. ఒక్క మాటతో పోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"క్షమించమని అడగవే. పోలీసుల దాకా వెళ్తే?"

"నువ్వుండమ్మా!"

స్టూలు బరబరా ఈడ్చి అతని ముందు కూర్చుంది. మోకాలిని ఎగాదిగా చూసింది.

"మాస్టారూ, ఈ పొక్కులు చూశారా? మోకాలికి అటో వరస, ఇటో వరస. స్కేలు పెట్టి గీసినట్టు రెండు వేళ్ళ వెడల్పున ఉన్నాయి. పక్కన ఒక్కటైనా ఉందా? నా చెయ్యి తప్పితే కాలంతా రావాలి కదా! టేపు ఎప్పుడు అంటించారు?"

అతను పైకి మడిచిన ప్యాంటు కిందికి లాక్కున్నాడు.

"ఆ సాయంత్రమే... పిల్లలకి మ్యాచ్ ఉంది."

"మరి అబద్ధమెందుకు చెప్పారు?"

"చెప్పిన మాట వినండ్రా అని రోజూ పిల్లల మీద అరిచేవాణ్ణి. నేనే వినలేదని నలుగురిలో ఎలా చెప్పను?"

"అందుకని నా పొట్ట కొడతారా?"

అతను మళ్ళీ ఆ పుస్తకం తీసి, రాసింది కొట్టేసి, కింద రాశాడు: 'తప్పు నాది. మాట వినలేదు. ఈమె పని బంగారం.' ఓనరమ్మ ఏప్రన్ తిరిగి ఇచ్చింది.

ఏప్రన్ వచ్చింది గానీ మా అమ్మాయి కోపం పోలేదు. మూడు రోజులకోసారి అతను మోకాలు చూపించుకోవడానికి వచ్చేవాడు. అది గోరువెచ్చని గుడ్డ అద్దేది. అతనితో మాత్రం ఒక్క మాట లేదు.

"అమ్మా, గోళ్ళతో గిల్లొద్దని చెప్పు ఆయనకి."

"అమ్మగారూ, గిల్లట్లేదని చెప్పండి."

"పిన్నీసుతో కూడా పొడవొద్దని చెప్పు."

"మీ అమ్మాయి మాటలు చాలు, పిన్నీసెందుకని చెప్పండి."

ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఒకసారి రావాల్సిన రోజు దాటిపోయింది. మా అమ్మాయి ఒకే తువ్వాలును నాలుగుసార్లు మడతపెట్టింది.

"ఏ బస్సు కిందైనా పడ్డాడేమోనే," అన్నాను.

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా అమ్మా!"

ఆ అరుపుకి పార్లరంతా తిరిగి చూసింది. నాకు మాత్రం విషయం అర్థమైంది. కానివాళ్ళ కోసం ఇంత కోపం ఎవరికీ రాదు.

మర్నాడు అతను వచ్చాడు. మోకాలు నున్నగా ఉంది, ఒక్క పొక్కు లేదు.

"ఇక చూపించడానికేమీ లేదండీ. అందుకే నిన్న వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోయాను," అని నా వైపు తిరిగాడు. "అమ్మగారూ, మా అమ్మని తీసుకుని మీ ఇంటికి రావచ్చా అని మీ అమ్మాయిని అడగండి."

"ఇన్నాళ్ళూ మీ మాటలు మోశాను. ఈ ఒక్కటీ నువ్వే అడుగు బాబూ."

అతను దాని వైపు తిరిగాడు. అడిగాడు.

బయట వాన, లోపల కరుగుతున్న మైనం. మా అమ్మాయి దాన్ని కలుపుతూనే ఉంది. కాదంటే వీడేమైపోతాడో అనుకున్నాను. ఔనంటే ఇదేమైపోతుందో అని కూడా అనుకున్నాను. వాన వెలిసింది. అతను గొడుగు తీసుకుని గుమ్మం దాకా నడిచాడు.

"ఆదివారం రండి," అంది మా అమ్మాయి, తల ఎత్తకుండా, కోపంగానే. "వదులు ప్యాంటు వేసుకుని."