చిన్నోడి వంతు

విడిచిన చొక్కా చూసి మనిషిని చెప్పేయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇరవై ఏళ్లుగా లాండ్రీలో పని. కాలరు మురికి చూసి ఎన్ని రోజులు తొడిగారో చెప్తుంది, చంకల కింద మరక చూసి ఎండలో పనో నీడపట్టు పనో చెప్తుంది. విప్పే తీరు కూడా మనిషికో రకం. ఆమె మొగుడు పెద్దోడు చొక్కా ఎడమ చెయ్యి ఎప్పుడూ తిరగేసి వదిలేస్తాడు. మరిది చిన్నోడికి బొత్తాలన్నీ విప్పే ఓపిక ఎక్కడిది, పై రెండూ విప్పి తలమీంచి లాగేసేవాడు. "ఎవరైనా తరుముకొస్తున్నారా ఏంటయ్యా, ఆ తొందర?" అని ఆమె ఎన్నిసార్లు ఆటపట్టించిందో.

ఇంటి వెనక కూరగాయల తోట చిన్నోడిదే. దోస, బీన్స్, గుమ్మడి, ఓ మూల మొక్కజొన్న. తోట దాటితే రాళ్లగుట్ట, గుట్ట నిండా నక్కలు. దోసకాయ పండిందంటే ఇంట్లోవాళ్లకంటే ముందు వాటికే తెలుస్తుంది. అక్కడి వాళ్లందరూ నక్కలకి ఒకటే మందు వాడతారు. మూడు రోజులు ఒంటిమీదున్న చొక్కాని ఉతకకుండా కర్రకి తొడిగి తోటలో పాతేస్తారు. మనిషి వాసనకి నక్క దగ్గరికి రాదు. మంచుకి వాసన పోగానే ఇంకోటి మార్చాలి. లాండ్రీలో ఎందరివో మురికి బట్టలు గుట్టలుగా పడున్నా, ఆమె అందులోంచి ఒక్క జేబురుమాలు కూడా తోటకి తేలేదు. నమ్మి ఇచ్చిన బట్ట అది.

కాయ పండే వారం మాత్రం చొక్కా ఒక్కటే చాలదు. అన్నదమ్ములు వంతులేసుకుని రాత్రంతా కుర్చీలో కూర్చుని కాసేవారు. పోయినేడు ఒకరోజు వంతు పెద్దోడిది. అతను పనిచేసేది బేకరీలో. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి మధ్యాహ్నం రెండింటిదాకా పొయ్యి ముందు మాడతాడు. ఆ రోజు ఒళ్లు నొప్పులని మూలిగాడు.

"పడుకో అన్నయ్యా. నీ వంతు నేను కూర్చుంటా. తర్వాత తీర్చుకుందువులే," అని చిన్నోడు వెళ్లాడు.

తెల్లవార్లూ వాన. నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజుకి మనిషి లేడు. పలకరించడానికి వచ్చిన ఒకాయన పెద్దోడి వీపు తట్టి, "నక్కతోక తొక్కావురా, నీ వంతుకి నువ్వే వెళ్లుంటే ఏమయ్యేది?" అన్నాడు. ఓదార్పే అనుకున్నాడు పాపం. పెద్దోడు ఆ తర్వాత చాలాకాలం ఎవరితోనూ నవ్వి మాట్లాడలేదు.

జ్వరం నాలుగు రోజులూ చిన్నోడి ఒంటిమీదున్న నీలం గళ్ల చొక్కాని వాళ్లమ్మ ఉతకనివ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెట్టెలో దాచింది. అప్పుడప్పుడూ మూతి విప్పి, వాసన చూసుకుని, మళ్లీ కట్టేసేది.

ఈ ఏడు నక్కలు పెద్దోడి చొక్కాలని పూచికపుల్లకింద తీసేశాయి. ఒక పొద్దున చూస్తే సగం దోసపాదు నేలపాలైంది. చిన్నోడు దాచిన విత్తనాలతో వేసిన పాదు అది. అదీ పోతే అతనిదంటూ ఏమీ మిగలదు. ఆమె వెళ్లి పెట్టె తెరిచి నీలం గళ్ల చొక్కా బయటికి తీసింది.

"నేను దాచింది దీనికా అమ్మాయ్?" అంది అత్త.

"మీవాడి తోటే కదా అత్తయ్యా. మీవాడే కాసుకుంటాడు."

ఆ రాత్రి నుంచే నక్కలు మానేశాయి. ఒక్క ఆకు చిరగలేదు.

పదో రోజు మధ్యాహ్నం ఆమె చొక్కా మారుద్దామని తోటలోకి వెళ్లింది. ఇన్ని రోజుల ఎండకీ మంచుకీ అది వెలిసిపోయి ఉండాలి. చెయ్యి వేసింది. కాలరు తడిగా ఉంది. వేలితో రాసి చూస్తే జిగట. చంకల కింద మరక తెల్లగా అంచు కట్టింది. చెమట. పొద్దున్నుంచీ ఒళ్లొంచి పనిచేసిన మనిషి చెమట. ఈ విషయంలో ఆమె ఇరవై ఏళ్లలో పొరబడింది లేదు. ఇవాళైనా పొరబడితే బాగుండుననుకుంది.

ఇంట్లోకి వచ్చి మాసిన బట్టల బుట్ట బోర్లించింది. పెద్దోడి చొక్కాలు నాలుగు. నాలుగింటికీ ఎడమ చెయ్యి తిరగేసి ఉంది. అంటే తొడిగి విప్పినవే. కానీ కాలర్లు ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన. అంతే.

పెద్దోడు అప్పుడే పని నుంచి వచ్చాడు. ఆమె ఎదురెళ్లి అతని మెడ మీద ముఖం ఆనించింది.

"ఈ వయసులో ఏంటే ఇది?" అన్నాడు.

"మీకు చెమట పట్టట్లేదా?"

"పొయ్యి ముందు కూడా చలేస్తోంది ఈమధ్య. మంచిదేగా, నీకు సబ్బు కలిసొచ్చింది."

ఆమె నవ్వలేకపోయింది. తోట పోతే పోయింది. మనిషి పోతున్నాడు. కంచే చేను మేస్తుంటే వెళ్లి ఎవరితో చెప్పుకోవాలి?

ఆమె చేతిలో ఉన్న విద్య ఒక్కటే. నీలం గళ్ల చొక్కా తెచ్చి, సలసలా కాగే నీళ్లలో సోడా వేసి నానబెట్టి ఉతికింది. నల్లటి నీళ్లు దిగాయి. మళ్లీ ఉతికింది. మళ్లీ నలుపే. వేళ్లు ఒరుసుకుపోయేదాకా ఏడుసార్లు ఉతికింది. ఏడోసారీ అదే నలుపు, అదే వాసన. చెమట, జ్వరం, తడి మట్టి. చీకటి పడుతుంటే ఇక చేసేదిలేక పెరట్లో తీగ మీద రెండు క్లిప్పులు పెట్టి ఆరేసింది.

"అయితే ఇవాళ తోటకి కాపలా లేదన్నమాట," అన్నాడు పెద్దోడు. టార్చి, రేకు డబ్బా, కర్ర అందుకున్నాడు.

"వద్దండీ. తిననివ్వండి వాటిని."

"నా వంతు ఒకటి ఉండిపోయిందే."

చెయ్యి పట్టుకుంది. ఏడ్చింది. అతను ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె వంటింటి కిటికీ దగ్గరే నిలబడింది. బయట గాలి లేదు. తడి చొక్కా నుంచి నీటిబొట్లు గచ్చు మీద పడుతున్న చప్పుడు వినబడుతోంది. దోసపండ్ల తీపి వాసన వస్తోంది. చాలాసేపటికి గుట్టమీద ఒక నక్క ఊళ వేసింది. ఇంకోటి అందుకుంది. తర్వాత అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

మొక్కజొన్న కదిలింది…

పెద్దోడు టార్చి వేశాడు. ఆ వెలుగులోకి ఒక నక్క నడిచి వచ్చింది. పరిగెత్తలేదు. దాక్కోలేదు. నేరుగా అతని దగ్గరికే వచ్చింది. మోకాలి మీదున్న అతని చెయ్యి వాసన చూసింది. రాయిని వాసన చూసినట్టు చూసి, అతని పాదాల మీంచి దాటుకుంటూ పాదులోకి వెళ్లింది.

దాని వెనక ఇంకోటి… ఇంకోటి…

అతను డబ్బా మోగించాడు. ఒక్కటీ తల తిప్పలేదు. కర్ర విసిరాడు. పక్కకి జరిగి మళ్లీ తినసాగాయి.

"ఏమే…" అన్నాడు. గొంతు సన్నగా, దూరం నుంచి వచ్చినట్టుంది. "నన్ను చూడట్లేదే ఇవి…"

ఆమె తలుపు తీసి పరిగెత్తింది. ఆమె గుమ్మం దాటగానే నక్కలన్నీ చెల్లాచెదురుగా పారిపోయాయి. ఆమెకి జడిసే. కుర్చీ దగ్గరికి వెళ్లి అతన్ని రెండు చేతులతో చుట్టేసింది. ఒళ్లు కుండలా చల్లగా ఉంది.

"నా వాసన వస్తోందా నీకు?" గుసగుసగా అడిగాడు.

"వస్తోందండీ," అంది. కాపురానికొచ్చాక అతనితో ఆడిన మొదటి అబద్ధం అదే.

లోపలికి తెచ్చి పడుకోబెట్టింది. తన మాసిన బట్టలన్నీ తెచ్చి అతని మీద కప్పింది. మణికట్టు పట్టుకుని పక్కనే కూర్చుంది. నాలుగైంది. అతను లేవలేదు, ఆమె లేపలేదు. తెల్లారి చూస్తే తీగ మీద చొక్కా లేదు. రెండు క్లిప్పులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పాదులు మట్టిలో కలిసిపోయాయి.

ఒక్క పూట ఆలస్యమైతే బేకరీ నుంచి మనిషిని పంపేవాళ్లు. పది దాటింది, పన్నెండు దాటింది. ఎవరూ రాలేదు. పెద్దోడు ఇంకా ఊపిరి తీస్తున్నాడు. చెవి పెట్టి వింటేగానీ తెలియడం లేదు.

రెండున్నరకి పెరటి తలుపు చప్పుడైంది. ఆమె వెళ్లేసరికి అత్త మాసిన బట్టల బుట్ట పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ ముఖంలో నవ్వు కనబడింది.

"మెల్లగా నడువమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "అలిసిపోయి వచ్చాడు. ఇప్పుడే పడుకున్నాడు."

బుట్టలో అన్నింటికంటే పైన నీలం గళ్ల చొక్కా ఉంది. పై రెండు బొత్తాలే విప్పి ఉన్నాయి. కాలరు నల్లగా మాసింది, భుజాల మీద మైదా పిండి. చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.