రోడ్డు అక్కడెందుకు వంగింది?

పొద్దున్నే కాఫీ కప్పులు పక్కకు జరిపి, కూతురు బల్ల మీద పట్టణం మాస్టర్ ప్లాన్ పరిచింది. ఇరవయ్యేళ్ళకోసారి దాన్ని సవరిస్తారు. ఈసారి ఆ పని ఆమె చేతికొచ్చింది. వెడల్పు చేయబోయే రోడ్డు బారుగా వచ్చి, మేనత్త ఇంటి ముందు మాత్రం చిన్న బుడిపెలా వంగి, మళ్ళీ బుద్ధిగా తిన్నగా పోతోంది. అక్కడ గుట్టా లేదు, కాలువా లేదు.

"నాన్నా, పాత ప్లాన్ గీసింది నువ్వే కదా. ఈ వంపేంటి?"

"ఏదో కారణం ఉండే ఉంటుందిలే." రిటైరైన తండ్రి పేపర్లో తల దూర్చాడు.

"మూడ్రోజులుగా ఇదే మాట! గీత సరిచేస్తే అత్త కుట్టుమిషన్ గది రోడ్డులో కలిసిపోతుంది. చెల్లెలి కోసం వంచావా?"

గిన్నె తిరిగివ్వడానికొచ్చిన మేనత్త గుమ్మంలోనే ఆగిపోయింది. "నా కోసం రోడ్డు వంచాడా? నా పెళ్ళిలో నడుమే వంచలేదే!" అని నవ్వబోయి, అన్న ముఖం చూసి ఆగింది. "నిజం చెప్పన్నయ్యా. అన్యాయంగా మిగిలిన గది నాకొద్దు."

తండ్రి లేచి స్కేలు తెచ్చాడు. ఎడమచేత్తో అదిమిపట్టి పెన్సిల్‌తో గీత లాగాడు. బొటనవేలు స్కేలు అంచు దాటి ఉంది. పెన్సిల్ దాన్ని చుట్టొచ్చి, మళ్ళీ తిన్నగా సాగింది.

కూతురు రెండు బుడిపెలూ పక్కపక్కన పెట్టి చూసింది. అచ్చుగుద్దినట్టున్నాయి.

"వేలా?"

"వేలే. కాగితం మీద వేలెడు, నేల మీద గదంత. సంతకాలయ్యాక చూసుకున్నాను. నా అంత నిక్కచ్చిగా గీసేవాడు లేడని పేరు. నోరు పెగల్లేదు. మీ అత్త ఆ ఇల్లు కొన్నది ఆరేళ్ళ తర్వాత."

"ఈ ప్లాన్ చూసుకునే కొన్నాను," అంది మేనత్త మెల్లిగా. "పోనీలే, తిన్నగా గీసెయ్యవే. మిషన్ వెనకగదిలో వేసుకుంటా."

"ఆగత్తా. ఎదురుగా ఉన్నది మా మున్సిపల్ ఆఫీసు గోడౌనే. దాని ప్రహరీ వెనక్కి జరిపితే నీ గది పోకుండానే సరిపోతుందేమో. టేపు తీసుకెళ్ళి కొలుద్దాం. కానీ అభ్యంతరాలు వినే రోజున ఈ వంపు పొరపాటని చెప్పి తీరాలి."

"నేనొచ్చి చెబుతాను," అన్నాడు తండ్రి.

"అందరూ నవ్వుతారు నాన్నా."

"నవ్వనీ."

కూతురు ఆయన పక్కన కూర్చుంది. "నిన్ను దొంగలా చూశాను. తప్పయిపోయింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇరవయ్యేళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డానమ్మా. నా గీతను అంత శ్రద్ధగా చూసింది నువ్వొక్కదానివే."