నిద్రపోతున్న పెద్ద కార్డు

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అదే. పేరు అడగలేదు, కూర్చోమనలేదు.

"నేనేనండీ," అన్నాడు గారెత్ పెన్‌రోజ్. "ఇంటర్నెట్‌లో చూసి కొన్ని కమాండ్లు కొట్టాను."

"కొన్నా?" ఆమె స్క్రీన్‌ని కిందికి జరుపుతూ పోయింది. "నలభై మూడు! అందులో ఒకటి ప్రింటర్‌ది. మీ ప్రొజెక్టర్‌కీ ప్రింటర్‌కీ ఏమిటి సంబంధం?"

"అప్పటికి ఆశ వదిలేసుకున్నానండీ."

ఆమె నవ్వలేదు. పెదవి చివర మాత్రం కొంచెం కదిలింది.

అమెరికాలో మిషిగన్ ఉత్తరాన, కీవెనా కాలువ ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో శనివారం వచ్చిందంటే లైబ్రరీ కింది గది నిండిపోతుంది. జనం పాడైన టోస్టర్లూ రేడియోలూ పట్టుకొస్తారు, చేతనైనవాళ్ళు ఊరికే బాగుచేసి పెడతారు. ఐలా కోస్కి వారమంతా రేవులో పడవల రేడియోలు బాగుచేస్తుంది, శనివారం ఇక్కడ కూర్చుంటుంది.

గారెత్‌ది వేరే ఉద్యోగం. లైబ్రరీ తరఫున ఒక గాలిగుడారాన్ని వ్యాన్‌లో వేసుకుని బడులకి తిరుగుతాడు. ఫ్యాన్ పెడితే గుడారం బుడగలా ఉబ్బుతుంది, పిల్లలు పాక్కుంటూ లోపలికెళ్ళి పడుకుంటారు, ల్యాప్‌టాప్‌లోని ఆకాశం ప్రొజెక్టర్ మీదుగా పైకప్పంతా పరుచుకుంటుంది.

పరుచుకోవాలి మరి. విండోస్ నడిచే పాత ల్యాప్‌టాప్ పోయి, దాని బదులు లినక్స్ నడిచే ఈ కొత్తది వచ్చాక చుక్కలు స్క్రీన్ మీదే ఆగిపోయాయి, పైన చీకటి.

"పోయిన షోలో ముప్ఫై ఒక్కమంది పిల్లలు నల్లగుడ్డ చూస్తూ పడుకున్నారు," అన్నాడు గారెత్. "నలభై నిమిషాలు నోటితోనే చుక్కలు చూపించాను. ఒక పాప గురకపెట్టింది. ఇంకోసారి ఇలా అయితే గుడారం మడిచి అటక మీద పెట్టేస్తామని లైబ్రరీ బోర్డువాళ్ళు చెప్పేశారు."

ఐలా అప్పుడు తలెత్తి అతన్ని సరిగ్గా చూసింది.

"ఇందులో రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. చిన్నది బ్యాటరీ తక్కువ తాగుతుంది, రోజూ చాకిరీ అంతా దానిదే. పెద్దది బలమైనదేగానీ బద్ధకిష్టిది, పిలిస్తేగానీ లేవదు. మీ ప్రొజెక్టర్ వైరు దూర్చే చోటు ఉందే, అది పెద్దదానికి కలిపి ఉంది. అది నిద్రపోతే మీ గుడారంలో అమావాస్యే."

"విండోస్‌లో దానంతటదే లేచేదే?"

"ఇక్కడ మర్యాదగా లేపాలి. మీరేమో ప్రింటర్‌ని లేపారు."

కిటికీ మీద ఏప్రిల్ వాన, బయట కరుగుతున్న మంచు. ఆమె అతను పోగుచేసిన చెత్తంతా తీసేసి, సరైన డ్రైవర్ ఎక్కించి, ఒక్క లైను కొట్టి రీస్టార్ట్ చేసింది. స్క్రీన్ నల్లబడింది. అంతలో ప్రొజెక్టర్‌లోంచి ఎదురుగా గోడ మీద, టోస్టర్ల మీద, టోస్టర్ పట్టుకుని నిలబడ్డ ముసలాయన చొక్కా మీద చుక్కలే చుక్కలు. ముసలాయన టోపీ తీసేశాడు.

గారెత్ తను తెచ్చుకున్న పేస్టీని, ఒకప్పటి గని కార్మికుల ఆ మాంసం కజ్జికాయని, రెండు ముక్కలు చేశాడు. ఆమె తన ముక్క మీద కెచప్ పోసుకుంది.

"కెచప్పా! గ్రేవీ ఉండగా! మా తాతలు వింటే గనిలోంచి లేచొస్తారు."

"రానీ. వాళ్ళకీ పోస్తా."

ఆ తగువు అరగంట నడిచింది. ఎప్పుడు 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. ఏ కార్డుకి ఏ కమాండో పేస్టీ సంచి మీద రాసిచ్చి, "ఈ రెండు తప్ప ఇంకేమీ ముట్టుకోకు," అని పంపించింది.

తర్వాతి శనివారం గారెత్ మళ్ళీ వచ్చాడు. "మళ్ళీ పోయింది."

ఐదు నిమిషాల్లో సరిచేసింది. కబుర్లు గంట.

ఆ తర్వాతి శనివారం కూడా వచ్చాడు. "ఏమిటో, దీనికి నేనంటే పడదు."

ఐలా ఈసారి ఏదీ సరిచేయలేదు. పాత కమాండ్ల చిట్టా తెరిచింది.

"చిన్న కార్డుకి మార్చే కమాండు. నిన్న సాయంత్రం ఆరూ పదికి. పోయిన శుక్రవారం కూడా ఆరూ పదికే. ఎలుకలు కొట్టాయా?"

గారెత్ చెవులు ఎర్రబడ్డాయి. నిజం నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే జారిపోయింది. "బ్యాటరీ ఆదా అవుతుందని..."

"చార్జర్ తగిలించి పెట్టా?" ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. "ఆవిడ చూడండి, రేడియో ఒళ్ళో పెట్టుకుని గంట నుంచి కూర్చున్నారు. నేనిక్కడికి వచ్చేది నిజంగా పాడైనవాటి కోసం, పెన్‌రోజ్ గారూ."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ 'గారూ' మాత్రం ఇంటిదాకా వెంటపడింది.

తర్వాతి గురువారం ల్యాప్‌టాప్ అప్‌డేట్ చేయమంది. పరధ్యానంలో సరే నొక్కేశాడు.

శుక్రవారం ఎనిమిదిన్నరకి బడి జిమ్ములో గుడారం ఉబ్బించి, ప్రొజెక్టర్ పెట్టి చూస్తే చీకటి. సంచి మీది కమాండ్లు రెండూ కొట్టాడు. చీకటే. షో పదిన్నరకి. బోర్డు అధ్యక్షురాలు మిసెస్ బోద్రీ స్వయంగా వస్తానని కబురు పెట్టింది కూడా.

ఐలాకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. "నిజంగా పోయింది. ఈసారి నేను కాదు," అని మెసేజ్ పెట్టాడు.

జవాబు వచ్చింది: "బ్యాటరీ ఆదా చేస్తోందేమో."

వానలో ఇరవై నిమిషాలు వ్యాన్ తోలుకుంటూ రేవుకి వెళ్ళాడు. ఆమె ఒక పడవ అడుగున దూరి పనిచేస్తోంది. బయటికి బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. ఏం చేస్తాడు, బూట్లకే చెప్పుకున్నాడు.

"ఆ రెండుసార్లూ నేనే మార్చాను. నిన్ను చూడాలని. కాఫీకి రమ్మని అడిగే ధైర్యం లేక. ఆ పెద్దావిడ గంట నా వల్ల పోయింది, ఆ ఆలోచనే నాకు రాలేదు. పైగా అబద్ధమాడాను. తప్పు నాదే. ఇవాళ మాత్రం నిజంగా పోయింది. నువ్వు రావద్దులే, ఏం చేయాలో చెబితే చాలు."

బూట్లు కదల్లేదు.

"నిన్న అప్‌డేట్ చేశావా?"

'చేశారా' కాదు, 'చేశావా'! గారెత్‌కి ముందు ఆ పిలుపే వినబడింది, ప్రశ్న తర్వాత అర్థమైంది.

"చేశాను."

"కెర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, కొత్తది వచ్చుంటుంది. పెద్ద కార్డు డ్రైవరేమో పాతదాని కొలతకి కుట్టిన చొక్కా, దీనికి పట్టదు. ఆన్ చేసేటప్పుడు మెనూలో పాత కెర్నెల్ ఎంచుకో."

"ఆ మెనూ ఎక్కడుంటుంది?"

బూట్లు నిట్టూర్చాయి. బుగ్గ మీద గ్రీజు మరకతో ఐలా బయటికొచ్చింది. "పద. నిన్నొదిలేస్తే మళ్ళీ ప్రింటర్ లేస్తుంది."

పది ఇరవై అయిదుకి పిల్లలంతా గుడారంలో పడుకున్నారు. మిసెస్ బోద్రీ ముచ్చటైన కోటు వేసుకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చింది. ఐలా కీబోర్డు ముట్టుకోలేదు. "నువ్వే నొక్కు," అని వేలితో చూపించింది. రీస్టార్ట్. మెనూ. పాత కెర్నెల్. ఎంటర్.

చీకటి. ఫ్యాన్ రొద. ఎవరో పాప, "ఇంతేనా?" అంది.

అప్పుడు పడ్డాయి చుక్కలు. పైకప్పంతా, ఒక్కసారిగా. పిల్లలందరి నోటా ఒకటే "ఓ!" మిసెస్ బోద్రీ కూడా వెల్లకిలా పడుకుంది, షో అయ్యేదాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు, "వచ్చే ఏడాదికి మా మనవరాలి బడి కూడా రాసుకో," అంది కోటు దులుపుకుంటూ.

అందరూ వెళ్ళాక గారెత్ ఫ్యాన్ ఆపి, వైర్లు చుట్టడానికి లోపలికి దూరాడు. ఐలా అక్కడే కూర్చుని ఉంది.

"బూట్లకి చెప్పావుగా," అంది. "ఇప్పుడు నాకు చెప్పు."

"ఇప్పుడా? గుడారం మీద పడుతోంది."

"అయితే తొందరగా చెప్పు."

పైకప్పు మెల్లగా దిగుతోంది. గారెత్ తలకి తగిలింది. "నువ్వంటే ఇష్టం, ఐలా. నువ్వు తిట్టినా ఇష్టమే. కెచప్ పోసుకున్నా..." మిగతా మాట నల్లగుడ్డ మింగేసింది. గుడ్డ కింద ఆమె పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వగా అతను వినడం అదే మొదలు. చీకట్లో తడుముకుంటూ ఒక చెయ్యి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆదివారం మా ఇంట్లో ఆవిరిస్నానానికి సౌనా వేడిచేస్తాం. అమ్మ ఉంటుంది. రా."

"ల్యాప్‌టాప్ తీసుకురానా?"

"తెచ్చావంటే కాలువలో పారేస్తాను."

ఆదివారం మధ్యాహ్నం తలుపు తీసింది ఐలా తల్లి. పాడైన సామాను పట్టుకుని ఊరంతా ఆ గుమ్మం ఎక్కడం ఆవిడకి అలవాటే.

"మా అమ్మాయి ఆదివారాలు రిపేర్లు చేయదు బాబూ. ఏం పాడైంది?"

"ఏమీ పాడవలేదండీ. ఊరికే వచ్చాను."

ఆవిడ అతని ఖాళీ చేతుల వైపు చూసింది. ఎర్రబడ్డ చెవుల వైపు చూసింది. మొహమంతా నవ్వు చేసుకుని లోపలికి తిరిగి కేకేసింది.

"ఐలా! ఏమీ పాడవకుండా ఒకబ్బాయి వచ్చాడే! ఇంకో కప్పు కాఫీ పొయ్యి!"