జల్లెడలో మిగిలినవాడు

ఆమె నేరుగా మా ఆఫీసులోకి వచ్చి, నీళ్ళు కారుతున్న గొడుగును నా కీబోర్డు పక్కన పెట్టింది.

"జల్లెడ చేసింది మీరేనా?"

"నేనే. ముందు ఆ గొడుగు కాస్త..."

"గొడుగు సంగతి నాకు తెలుసు. మీ సంగతి చెప్పండి."

నిజమే, గొడుగుల సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మూడు వీధుల అవతల నాన్నతో కలిసి గొడుగులు బాగుచేస్తుంది. విరిగిన ఊచ ఎలా మార్చాలో, చిరిగిన గుడ్డ ఎలా కుట్టాలో వీడియోలు తీసి పెడుతుంది.

ఇక నా జల్లెడ అంటారా, అది బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న పరికరం. వీడియో కింద ఎన్ని వందల కామెంట్లున్నా "సూపర్", "అదిరింది" లాంటివన్నీ దాచేసి, తప్పులు ఎత్తిచూపినవి మాత్రమే మిగులుస్తుంది.

"పొగడ్తలు తలకెక్కితే చేతిలో పని పాడవుతుందని మా నాన్న అంటారు," అందామె. "అందుకే ఆరు నెలలుగా మీ జల్లెడ పెట్టుకునే కామెంట్లు చదువుతున్నాను. నిన్న నాలుగొందలొస్తే తొమ్మిది మిగిలాయి. అందులో ఏడు ఒక్కడివే. పేరు 'తడిసినవాడు'. ఎవడండీ వీడు?"

ఆ తడిసినవాణ్ని నేనే. ఓ వానలో గొడుగు విరిగి, ఆమె వీడియో చూసి బాగుచేసుకున్నాను. ఆ రోజు నుంచి ఒక్క వీడియో వదల్లేదు.

"ఏమంటాడు?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"దారం కనబడట్లేదట. కెమెరాకి చెయ్యి అడ్డొస్తోందట. గబగబా మాట్లాడతానట. అన్నీ నిజాలే, మార్చుకున్నాను కూడా. కానీ ఆర్నెల్లలో ఒక్క మంచి మాట రాయలేదు మహానుభావుడు. రేపు కొత్త వీడియో పెట్టాక వాణ్ని బ్లాక్ చేసేస్తాను. ఈలోగా వాడెవడో మీ జల్లెడ చెబుతుందేమోనని వచ్చాను."

"చెప్పదండీ."

"మరెందుకది," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మంచి మాట రాయలేదా? ముప్ఫై ఒక్కటి రాశాను. అయితే మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక అలవాటుంది. ఏ విషయానికి ఆ విషయం విడిగా రాయాలి, రెండూ కలపకూడదు. అందుకని తప్పు ఒక కామెంటులో, మెచ్చుకోలు ఇంకో కామెంటులో రాస్తూ వచ్చాను. "ఊచ వంచేటప్పుడు మీరు పెదవి కొరుక్కుంటారు, అది చూడ్డానికే మళ్ళీ మొదటినుంచి చూస్తాను" అని కూడా రాశాను. అన్నిటినీ నా జల్లెడే దాచేసింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

నేరుగా వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. ఆమె ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు, ఇందాక చూశారుగా.

మర్నాడు వీడియో రాగానే రాశాను. "ఈ వీడియోలో పెద్ద లోపం ఉంది. ఒకే గొడుగు కింద ఇద్దరు తడవకుండా ఎలా నడవాలో మీరు ఇంతవరకూ చూపించలేదు. ఇంకో తప్పు నాది. జల్లెడ చేసిన నేనే తడిసినవాణ్ని, నిన్న మీ ముందు దాచాను. బ్లాక్ చేసే ముందు ఒక్కసారి జల్లెడ తీసేసి పాత వీడియోల కింద చూడండి. మీరంటే నాకు ఇష్టం."

మొదటిసారి అన్ని విషయాలూ ఒకేదాంట్లో కలిపేశాను. జల్లెడ పెట్టి చూసుకుంటే, మిగిలింది.

నాలుగింటికి జవాబొచ్చింది. "షాపు ఆరింటికి మూస్తాం."

రమ్మనో, రావద్దనో అర్థం కాలేదు. కంగారులో గొడుగు మరిచి వానలోనే పరిగెత్తాను.

షాపులో వాళ్ళ నాన్న కళ్ళజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూశారు. నా చొక్కా నుంచి నేల మీదికి నీళ్ళు కారుతున్నాయి.

"తడిసినవాడివి నువ్వేనా బాబూ?"

"అవునండీ."

"నేను జల్లెడా గిల్లెడా పెట్టుకోను. ఫోన్లో అన్నీ చదువుతాను. తిట్టేదీ పొగిడేదీ ఒక్కడేనని నాకెప్పుడో తెలుసు."

వెనక గదిలోంచి ఆమె వచ్చింది. "తెలిసి నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"పొగడ్తలు నీకు చెప్పకూడదని నేనే కదమ్మా అన్నాను," అని ఆయన తీరిగ్గా సూదిలో దారం ఎక్కించుకున్నారు. "తప్పు మొహం మీద చెప్పి, మెచ్చుకోవడం కూడా మానని మనిషి దొరకడం కష్టం. తర్వాత నీ ఇష్టం."

ఆమె నావైపు చూడలేదు. గోడకున్న గొడుగుల్లో ఒకటి తీసింది.

"ముప్ఫై ఒకటీ చదివాను," అంది మెల్లగా. "రెండేసి సార్లు. పెదవి సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"చెప్పకండి." గుమ్మంలో గొడుగు విప్పి పక్కకు జరిగింది. "రండి. ఇద్దరు ఎలా నడవాలో చూపిస్తాను. ఇది వీడియో తియ్యను."

వీధి చివరిదాకా నడిచాం. చాలా చిన్న గొడుగు. నా కుడి భుజం పూర్తిగా తడిసిపోయింది. ఆ లోపం మాత్రం నేను ఎక్కడా రాయలేదు.