లెటీ కాగితం

పొద్దున్నే పెనం మీద మొక్కజొన్న అట్లు పోస్తూ వెర్నెటా మాటిమాటికీ గడియారం వైపు చూస్తోంది. పది గంటలకు రాష్ట్ర దస్తావేజుల కార్యాలయం నుంచి అధికారి వస్తుంది.

ముప్పై ఏళ్లుగా వెర్నెటా పాత కోర్టు కాగితాలు సేకరిస్తోంది. అమెరికా దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మేరీలాండ్ కోర్టుల్లో పుట్టిన వీలునామాలు, అర్జీలు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల పత్రాలు. వాటిలో లెటీ అనే నల్లజాతి స్త్రీ బానిస కాదని 1806లో రాసిచ్చిన పత్రం ఒకటి కోర్టు దస్త్రాల్లోంచి ఎప్పుడో తప్పిపోయిందనీ, చూసి తమదే అయితే తీసుకుపోతామనీ ఉత్తరం వచ్చింది. దొంగసొత్తు కొన్నావంటారేమోనని మూడు వారాలుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

"అట్టు మాడుతోంది. ఆ లెటీ మీదున్న ధ్యాస నా పళ్లెం మీద లేదు," అన్నాడు భర్త థాడియస్.

"లెటీ రెండువందల ఏళ్లు ఓర్చుకుంది. నువ్వు రెండు నిమిషాలు ఓర్చుకోలేవా?"

మామూలుగా అయితే నవ్వేవాడే. ఇవాళ కిటికీలోంచి వీధి వైపే చూస్తున్నాడు.

తొమ్మిదిన్నరకు బీరువా తెరిచింది వెర్నెటా. లెటీ పత్రం ఉండాల్సిన పెట్టె ఖాళీగా ఉంది. మిగతా పెట్టెలన్నీ మంచం మీద గుమ్మరించింది. లేదు.

"థాడియస్! పెట్టె ముట్టుకున్నావా?"

"లేదు."

"నా మొహం చూసి చెప్పు! ఇంకో అరగంటలో ఆవిడ వస్తుంది. కాగితం లేదంటే అమ్ముకున్నాననుకుంటారు. ఈ వయసులో నన్ను కోర్టుకెక్కిస్తావా?"

ఆయన చొక్కా గుండీలు విప్పాడు. బనియను లోపల, గుండెకు ఆనించి, పారదర్శకమైన సంచిలో ఆ పత్రం.

"ఇవ్వను. ఇది ఇస్తే నిన్ను తీసుకుపోతారు."

"నన్నెందుకు తీసుకుపోతారయ్యా?"

"లెటీకి ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని ఇందులో రాసుందిగా. నీకూ ఉందిగా. కాగితం లేకపోతే బానిసగా అమ్మేస్తారని నువ్వే చదివి వినిపించావు."

బడి వంటశాలలో పనిచేసేటప్పుడు కాలిన ఆ మచ్చను చేత్తో కప్పుకుంది వెర్నెటా. పోయిన నెల ఇంటిదారి మరచిపోయి ఆయన చర్చి ముందు సాయంత్రం దాకా కూర్చున్నాడు. "నాన్నను డాక్టరుకు చూపిద్దాం" అని కూతురు కొరిన్ అంటే, "ముసలితనం అంతే" అని కసిరింది తనే.

ఆమె ఆయన పక్కన కూలబడింది. "అరిచాను. తప్పయింది," అంది.

తలుపు గంట మోగింది. థాడియస్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

అధికారి మిసెస్ ఎప్లీ నడివయసు మనిషి. ఆయన గుండె మీది పత్రాన్నీ, వెర్నెటా కళ్లనూ చూసి, కుర్చీ లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

"ఈవిడను తీసుకుపోవడానికేనా వచ్చావు?" అన్నాడాయన.

"కాదండీ. ఈవిడ ఈ ఇంటావిడ. ఈవిడకు ఏ కాగితమూ అక్కర్లేదు."

ఆయన చాలాసేపు ఆమె మొహం పరీక్షగా చూశాడు. తర్వాత తనే పత్రం తీసి ఇచ్చాడు. మిసెస్ ఎప్లీ వెనకనున్న కోర్టు సంఖ్య సరిచూసుకుంది. "మాదేనమ్మా. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. మీరు భద్రంగా దాచబట్టే ఇది మిగిలింది," అని రసీదు రాసిచ్చింది.

ఆవిడ వెళ్లాక వెర్నెటా ఫోను తీసింది.

"కొరిన్, ఆ డాక్టరు నంబరు చెప్పవే."

"ఏమైందమ్మా?"

"మీ నాన్నకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. ఇన్నాళ్లూ ఒప్పుకోలేదు."

"ఇప్పుడే బయలుదేరుతున్నా. నాన్నకివ్వు."

ఫోను ఆయన చెవికి ఆనించింది వెర్నెటా. "మీ అమ్మ ఇక్కడే ఉందే," అన్నాడు థాడియస్, "ఎవరూ తీసుకుపోలేదు."